భోగి దినచర్య: విశాఖ ఉక్కలో మంచుదేశపు కుక్కని ఎలా సాకాలి

మూడేళ్ల కిందట భోగి నాడు తెల్లారుజామున మా షెల్టర్ గేటుకి ఎవరో ఒక హస్కీ జాతి కుక్కని కట్టేసి పోయారు. నీలం రంగు నైలాన్ తాడు, పక్కన సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్. చీటీ లేదు, టీకాల పుస్తకం లేదు. ఊళ్లో మంటలు ఇంకా ఆరలేదు. ఆ పొగలోకి మూతి ఎత్తి అది ఊళ వేస్తుంటే మా వాచ్‌మన్ నాకు ఫోన్ చేశాడు: "ఏటి బావూ, నక్కని తెచ్చి కట్టేసినారేటి?" అలా దానికి భోగి అని పేరు పడింది.

నేను షిప్‌యార్డులో వెల్డర్‌గా చేసి రిటైరయ్యాను. పెందుర్తి దాటాక ఉన్న ఈ షెల్టర్‌కి మొదట బోన్ల తలుపులు అతకడానికి వచ్చి, ఇప్పుడు తెల్లారుజాము డ్యూటీ మొత్తం నెత్తిన వేసుకున్నాను. డాక్టర్‌ని కాను. మందుల సంగతి వచ్చిన చోటల్లా మీ వెటర్నరీ డాక్టర్ మాటే ఆఖరు. మిగతావి, అంటే గోడలు, నీడ, తిండి, బొచ్చు, వేళలు, మూడు వేసవులు భోగితో పడి నేర్చుకున్నవి. షెల్టర్‌లో ఉన్నవాళ్లకీ, ఇలాంటి కుక్కని ఇంట్లో కొన్నాళ్లు పెట్టుకుందామనుకునేవాళ్లకీ పనికొస్తాయని రాస్తున్నాను.

భోగిని చూడ్డానికి వచ్చే ప్రతి ఒక్కరూ ముందు అడిగేది ఐసు గురించే. రోజుకి ఎన్ని దిమ్మలు కావాలి, ఎంత ఖర్చవుతుంది అని. మొదటి వేసవిలో మేమూ చాలా ఐసు కొన్నాం. ఎంత కొన్నా రాని సుఖం, దాని వేళలు మార్చాక వచ్చింది.

మొదటి రెండు వారాలు

కట్టేసి ఉన్న కుక్కని చూడగానే తాడు విప్పాలనిపిస్తుంది. ఆగండి. హస్కీలు మామూలుగా మనుషుల మీద పడే రకం కాదు. కానీ రాత్రంతా గేటుకి వేలాడిన కుక్క, ఏ జాతిదైనా, భయానికి కరుస్తుంది. పక్కకి తిరిగి కూర్చుని, నీళ్ల గిన్నె ముందుకి జరిపి, వేరే ఎటో చూడండి. భోగికి నలభై నిమిషాలు పట్టింది. ఆ తర్వాత అదే వచ్చి నా ప్యాంటు వాసన చూసింది. కొత్త బెల్టు వేసి, దాని కొస చేతికి చుట్టుకున్నాకే పాత తాడు కోయండి. హస్కీ చేయి జారితే పిలిచినా రాదు. మీ చేతిలో బిర్యానీ ఉన్నా రాదు.

మెడకీ భుజాలకీ మధ్య, యజమాని ఎవరో తెలిపే మైక్రోచిప్ ఉందేమో స్కానర్‌తో చూడాలి. తప్పిపోయిన కుక్కా, వదిలేసిన కుక్కా అన్నది అక్కడ తేలొచ్చు. భోగికి చిప్ లేదు. చనుమొనలు సాగి వేలాడుతున్నాయి, అంటే చాలాసార్లే ఈనించారు. పిల్లలు అమ్ముకున్నన్నాళ్లు అమ్ముకుని, ఇక లాభం లేదనుకున్నాక తెచ్చి కట్టేశారని నా అనుమానం. ఆకలిదప్పులకి జంతువుని అలా వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమే. మొదటిసారి పట్టుబడితే జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఆ నైలాన్ తాడు ఖరీదే అంతకంటే ఎక్కువ ఉంటుంది.

చూడ్డానికి బొద్దుగానే ఉంది. వేళ్లు బొచ్చులోకి దించి పక్కటెముకలు తడిమితే రోలింగ్ షట్టర్ మీద చెయ్యి పెట్టినట్టే ఉంది. తూకం వేస్తే పదిహేనున్నర కిలోలు. ఆడ హస్కీ 16 నుంచి 23 కిలోల మధ్య ఉంటుంది, దీని ఎముకకి 20 అయినా ఉండాలన్నారు డాక్టర్. అందుకే ఈ జాతి కుక్క బక్కచిక్కిందో లేదో కంటితో కాదు, వేళ్లతో చూడాలి. అలాగని జాలిపడి మొదటి రోజే గిన్నెడు మాంసం పెట్టకండి, ఎండిన ఒళ్లు తట్టుకోలేదు. కొద్దికొద్దిగా, రోజుకి నాలుగైదు సార్లు.

రెండు వారాలు వేరే గదిలో ఉంచాలి. ఆ గది పని మిగతా కుక్కలన్నీ అయ్యాక ఆఖర్న, వేరే చెప్పులతో. కుక్కలకి రక్తవిరేచనాలు తెచ్చే పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది, ఒక చెప్పుల జతతో షెల్టర్‌లో కుక్కపిల్లలన్నిటికీ అంటించేయొచ్చు. టీకాలు, నట్టల మందు, రక్తపరీక్ష ఈ రెండు వారాల్లోనే. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ మాత్రం కాస్త ఒళ్లు చేశాకే.

కళ్ల గురించి కూడా చెప్పాలి. భోగికి ఒక కన్ను గోధుమ రంగు, ఒకటి నీలం. మా వంటావిడ చూసి "అయ్యో, కంట్లో పువ్వేసింది" అని బాధపడింది. ఈ జాతికి నీలికన్ను పుట్టుకతోనే వస్తుంది, చూపుకి లోటేమీ లేదు. పువ్వయితే కంటిపాప మధ్యలో పాలచుక్క పడ్డట్టు తెల్లగా కనిపిస్తుంది. హస్కీల్లో శుక్లాలు చిన్న వయసులోనే రావడం ఉంది కాబట్టి ఒకసారి టార్చి వేసి చూసుకోవడం మంచిది.

ఉక్క సంగతి

చలికాలంలో వచ్చింది కాబట్టి మాకేమీ తెలియలేదు. శివరాత్రి వెళ్లింది. మార్చి మూడో వారంలో ఒక మధ్యాహ్నం భోగి గోడకి ఒళ్లు ఆనించి, గరిటంత నాలుక బయటపెట్టి వగరుస్తోంది. అప్పటికి ఎండ 33 డిగ్రీలే. విజయవాడ వాళ్లకి చెబితే నవ్వుతారు. కానీ కుక్కకి చెమట పట్టేది పాదాల అడుగున మాత్రమే. ఒంట్లో వేడి పోవాలంటే నాలుక మీదా నోట్లోనూ ఉన్న తడి ఆరాలి. గాలే నీళ్లోడుతుంటే ఆ తడి ఎక్కడ ఆరుతుంది? విశాఖలో మనకి తువ్వాలు ఆరని రోజు హస్కీకి ఊపిరాడని రోజు. మా షెల్టర్‌లో కొలత కూడా ఇదే. పొద్దున్న ఆరింటికి దండెం మీద వేసిన తువ్వాలు పదింటికి ఇంకా చెమ్మగా ఉంటే, థర్మామీటర్ ఏం చెప్పినా సరే, ఆ రోజు భోగిని సాయంత్రం దాకా బయటికి తీయం.

నేను చేసిన మొదటి తెలివితక్కువ పని ఎయిర్ కూలర్. ఇంట్లో మూలన పడున్నది తెచ్చి దాని గదిలో పెట్టాను. గంటకల్లా గోడలు చెమర్చాయి, భోగి ఆయాసం ఇంకా ఎక్కువైంది. పొడి ఎండలు కాసే ఊళ్లలో కూలర్ బంగారం. సముద్రం పక్కన అది ఉన్న ఉక్కకి ఇంకో బకెట్ ఉక్క కలుపుతుంది. ముప్పై ఏళ్లు ఓడ అడుగు అరల్లో వెల్డింగ్ చేసినవాణ్ణి, ఇది నాకు తట్టకపోవడమే సిగ్గు. ట్యాంకులోకి దిగేముందు బ్లోయర్ గొట్టం వేసి లోపలి గాలి బయటికి లాగేవాళ్లం కదా! కూలర్ తీసేసి అదే పద్ధతి పెట్టాను. పై గోడకి ఎగ్జాస్ట్ ఫ్యాను, ఎదురుగోడకి కింద, కుక్క ముక్కు ఎత్తులో జాలీ. గాలి నేల మీదుగా వచ్చి పైనుంచి పోతుంది. వెయ్యి రూపాయల ఫ్యాను కూలర్ చేయలేని పని చేసింది.

కప్పు రేకులది అయితే రెండు పూతలు సున్నం కొట్టించి, పైన తాటాకు పరిపించండి. తాటాకుకీ రేకుకీ మధ్య జానెడు సందు ఉండాలి, గాలి ఆడేది అందులోంచే. నేల సిమెంటు కంటే నాపరాయి మేలు. భోగి గదిలో ఒక మూల నాలుగు పలకలు పరిచాం, మిగతా గదంతా ఖాళీగా ఉన్నా అది ఆ నాలుగు పలకల మీదే ఉంటుంది.

అన్నిటికంటే దానికి నచ్చింది ఇసుక గొయ్యి. ఇది దాని ఆలోచనే. ఏప్రిల్‌లో కానుగ చెట్టు మొదట్లో తవ్వడం మొదలుపెట్టింది. పూడిస్తే మళ్లీ తవ్వింది. మూడోసారి పూడ్చకుండా గునపం తెచ్చి నేనే దానికి సాయం చేశాను. ఆరడుగుల పొడవు, నాలుగు వెడల్పు, రెండడుగుల లోతు. అడుగున కంకర, పైన ఏటి ఇసుక. సాయంత్రం నాలుగు బకెట్లు పోస్తే రాత్రంతా చల్లగా ఉంటుంది. నీళ్లు నిలిస్తే దోమలు చేరతాయి, అందుకే అడుగున కంకర. పక్కనే పశువులకి పెట్టే సిమెంటు తొట్టె, పొట్ట మునిగేటంత నీళ్లతో.

ఇప్పుడు దాని రోజు ఇలా నడుస్తుంది. నాలుగున్నరకి నడక, గంటసేపు. ఐదూ ముప్పావుకి తిండి. ఏడున్నరకల్లా గదిలోకి. అక్కడి నుంచి సాయంత్రం ఆరు దాకా నిద్ర, మధ్యలో ఒక్కసారి చెట్టు నీడలోనే మూత్రానికి. ఆరున్నర తర్వాత గొయ్యి, తొట్టె, కర్రితో ఆట (కర్రి మా ఊరకుక్క, దాని సంగతి తర్వాత). రాత్రి పదకొండు దాకా ఆవరణంతా దానిదే. అంటే మనకి రాత్రయింది దానికి పగలు. చూడ్డానికి వచ్చినవాళ్లు పదింటికొచ్చి "పాపం, పడుకునే ఉంది, దిగులా?" అంటారు. దిగులు కాదు, దానికి అర్ధరాత్రి.

తారు రోడ్డు మీద అరచెయ్యి వెనకవైపు ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టండి. లెక్క పూర్తవకముందే చెయ్యి తీసేశారా, కుక్కని దింపకండి. వేసవిలో సాయంత్రం ఏడైనా మా ఎదుటి రోడ్డు ఈ పరీక్ష నెగ్గదు.

ఏసీ ఉంటే వాడండి. మాకు ఆపరేషన్ అయిన కుక్కల గదిలో ఒకటి ఉంది. రోహిణి కార్తెలో భోగి మకాం అక్కడే. 25 దగ్గర పెడితే చాలు, గదిని ఫ్రిజ్ చేయక్కర్లేదు. కరెంటు పోతే ఏం చేస్తారో మాత్రం ముందే అనుకోండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చిపోయాక రోజుల తరబడి చీకట్లో ఉన్నవాళ్లం, విశాఖలో ఎవరికీ ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. మా ఏర్పాటు చిన్నది: ఎగ్జాస్ట్ ఫ్యానుకి ఇన్వర్టర్, ఫ్రీజర్లో ఎప్పుడూ రెండు లీటర్ల నీళ్ల బాటిళ్లు ఎనిమిది. కరెంటు పోయిన గంటకి అవి తువ్వాల్లో చుట్టి నాపరాళ్ల పక్కన పెడతాం. ఐసు పనికొచ్చేది అలాంటప్పుడు.

ఒళ్లు కాలిపోతే

రెండో వేసవిలో, చందనోత్సవం రోజు జరిగింది ఇది. సింహాచలం అప్పన్న నిజరూప దర్శనానికి వెళ్లేవాళ్లతో రోడ్లన్నీ కిక్కిరిసి ఉన్నాయి. కొత్తగా చేరిన కుర్రాడొకడు పదకొండింటికి ఫోటోల కోసం భోగిని బయటికి తీశాడు. పావుగంట. నేను వచ్చేసరికి దాని వెనక కాళ్లు తడబడుతున్నాయి, చొంగ జిగురులా సాగుతోంది, చిగుళ్లు ఇటుక రంగులో ఉన్నాయి. ఆసనంలో థర్మామీటర్ పెడితే 105.8. కుక్కకి మామూలు వేడి 101 నుంచి 102.5 ఫారన్‌హీట్. 104 దాటితే అది జ్వరమా ఎండదెబ్బా అని చర్చించుకునే సమయం ఉండదు.

కారు తీయబోతుంటే డాక్టర్ ఫోన్లో గట్టిగా చెప్పారు: ముందు తడపండి, తర్వాతే బండి ఎక్కించండి. ఆ మాటే దాన్ని బతికించింది. ఆ ట్రాఫిక్‌లో ఒంటి వేడితో కూర్చోబెడితే దారిలోనే పోయేది.

పైపు తిప్పాను. మొదట వచ్చిన నీళ్లు చేతికి చురుక్కుమన్నాయి. ఎండలో పడున్న పైపు కదా. అవి పోయేదాకా ఆగి, చల్లనీళ్లు పట్టాం. బొచ్చు మీద పోస్తే పైనుంచి జారిపోతాయి, హస్కీ బొచ్చు పనే అది. వేళ్లతో విడదీసి చర్మం తడిసేదాకా పట్టాలి: పొట్ట, తొడల సందులు, చంకలు, మెడ. ఒకరు పైపు, ఒకరు బొచ్చు, కుర్రాడు టేబుల్ ఫ్యాను తెచ్చి ఎదురుగా పెట్టాడు, ఏడుస్తూనే. తడి గోనె కప్పబోతే నేనే ఆపాను. కప్పి వదిలేస్తే ఆ గోనె కాసేపటికే వేడెక్కి, లోపలి వేడిని బయటికి పోనివ్వదు. మూడు నిమిషాలకోసారి థర్మామీటర్. 105, 104.4, 103.6. 103 రాగానే నీళ్లు ఆపేశాం, ఇంకా పోస్తే మరీ కిందికి పడిపోతుంది. అప్పుడు కారు, అద్దాలు దించి.

నోట్లో బలవంతంగా నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసెటమాల్ వేయకండి, ఎండదెబ్బకి అది పనిచేయదు సరికదా కుక్కకి విషం. లేచి తోక ఊపిందని ఆస్పత్రి మానేయకండి. కిడ్నీలు, రక్తం గడ్డకట్టే గుణం దెబ్బతిన్న సంగతి ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడొచ్చు. భోగికి రెండు రోజులు సెలైన్ పెట్టారు, మూడో రోజు మళ్లీ రక్తం చూశారు. ఆ కుర్రాణ్ణి తిట్టలేదు. గది తలుపు మీద "7.30 – 6.00 తీయరాదు" అని రాసి ఉండాల్సింది, రాయనిది నేను. ఇప్పుడు ఎర్ర పెయింటుతో ఉంది.

బొచ్చు

గుండు చేయించమని కనీసం వందమంది చెప్పి ఉంటారు. వద్దు. హస్కీకి రెండు పొరలు: లోపల దూదిలాంటి ఊలు, పైన పొడుగాటి గట్టి వెంట్రుకలు. పై పొర ఎండని నేరుగా చర్మానికి తగలనివ్వదు. యంత్రం పెట్టి గీకేస్తే చర్మం కమిలిపోవచ్చు, మళ్లీ వచ్చేటప్పుడు అతుకులు అతుకులుగా రావచ్చు, కొన్నిసార్లు సరిగా రాకనే పోవచ్చు. పుండు ఉన్నచోట డాక్టర్ తీస్తే అది వేరు.

తీయాల్సింది చచ్చిన ఊలుని. మామూలు రోజుల్లో వారానికి మూడుసార్లు దువ్వితే చాలు. ఏడాదికి రెండు విడతలు మాత్రం ఊలంతా ఒక్కసారి ఊడుతుంది. బూరుగుకాయ పగిలినట్టే. అప్పుడు రోజూ అరగంట, పొడుగు పళ్ల అండర్‌కోట్ దువ్వెనతో, వెనక తొడల దగ్గర మొదలుపెట్టి. మొదటి ఏడాది మేం తీసిన ఊలు ఒక సిమెంటు బస్తా నిండింది. పిచ్చుకలు వచ్చి గూళ్లకి పట్టుకుపోయేవి.

స్నానం నెలకి ఒకసారి మించి అక్కర్లేదు. ఆరబెట్టడం మాత్రం మొక్కుబడిగా చేయకూడదు. వానాకాలంలో పైన పొడిగా కనిపించి లోపల ఊలు తడిగా ఉండిపోతుంది, రెండు రోజుల్లో చర్మం చివికి పుండవుతుంది. బ్లోయర్ వేడి లేకుండా పెట్టి, బొచ్చు విడదీసి చర్మం కనిపించేదాకా ఆరబెట్టండి. ముక్కు చుట్టూ, కళ్ల చుట్టూ పొలుసులు లేస్తే గజ్జి అనుకుని వేపనూనె రాసేయకండి. ఈ జాతికి జింకు లోపం వల్ల వచ్చే చర్మరోగం ఒకటి ఉంది, డాక్టర్ చూసి చెప్పాలి.

పిడుదులు, మేం గోమార్లంటాం, ఈ బొచ్చులో దాక్కుంటే వెతకడం గడ్డివాములో సూదే. చెవుల లోపల, వేళ్ల సందుల్లో, బెల్టు కింద రోజూ తడమండి. డాక్టర్ బరువుని బట్టి రాసిన నెలవారీ మాత్ర తప్పకూడదు. దాంతో పాటు గోడలు కూడా చూసుకోవాలి. గోమారి కుక్క మీంచి దిగి గోడ పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది. మేం ప్రతి పగులునీ సిమెంటుతో పూడ్చి సున్నం కొట్టాకే బెడద తగ్గింది. కుక్క తిండి మానేసి, చిగుళ్లు పాలిపోయి, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ముక్కులోంచి రక్తం కారినా టిక్ ఫీవర్, అంటే గోమార్ల వల్ల వచ్చే జ్వరం కావచ్చు. రేపు చూద్దాం అనుకోకండి.

తిండి

దీనికి పెద్దగా చెప్పేదేం లేదు. హస్కీ తన సైజుకి తక్కువ తింటుంది, వేసవిలో ఇంకా తక్కువ. గిన్నె వదిలేసిందని టెన్షన్ పడకండి, అరగంటకి తీసేసి సాయంత్రం పెట్టండి. చికెన్ కొట్టు నుంచి మెడలు కాకుండా మెత్తటి మాంసం, కందనకాయలు, కార్జం కొద్దిగా. గుమ్మడికాయ ముక్కలు, వారానికి రెండుసార్లు ఉడికించి ముల్లు తీసిన కవళ్ల చేపలు. అన్నం మాత్రం ఊరకుక్కలకి పెట్టినట్టు పెడితే విరేచనాలయ్యాయి. మంచుదేశాల కుక్కలు తరతరాలుగా మాంసం, చేపల మీద బతికినవి, పిండిపదార్థం అరిగించే జన్యువు వీటిలో మిగతా కుక్కల కంటే తక్కువ ప్రతుల్లో ఉంటుందని డాక్టర్ చెప్పారు. ఇప్పుడు అన్నం గుప్పెడే. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్, ఉడికిన ఎముకలు, ఏ కుక్కకీ పెట్టకూడదు.

కంచె, కోళ్లు, కర్రి

నా చేతి పని కాబట్టి ఇది కొంచెం గట్టిగా చెబుతాను. నాలుగడుగుల గోడ హస్కీకి అరుగుతో సమానం. డైమండ్ జాలీ కంచె అయితే వేళ్లు దూర్చి నిచ్చెనలా ఎక్కుతుంది, నా కళ్లతో చూశాను. ఆరడుగుల ఎత్తు, రెండంగుళాల గళ్ల వెల్డ్ మెష్, పైన ఒకటిన్నర అడుగు లోపలికి వంచి. కింద మెష్‌ని అడుగున్నర లోతు దించి, లోపలివైపుకి మడిచి, పైన రాళ్లు పేర్చాలి. అది గోడ మొదట్లోనే తవ్వుతుంది, తవ్వగానే మెష్ తగిలితే మానేస్తుంది. గేటు ఒకటి సరిపోదు. రెండు గేట్లు, మధ్యలో ఒక మనిషి నిలబడేంత చోటు, ఒకటి మూసాకే రెండోది తీయాలి.

ఇంతా చేసి రెండో గేటు గడియ వేయడం మర్చిపోయింది నేనే. పక్క తోటాయన నాటుకోళ్లు రెండు పోయాయి. పన్నెండు వందలు కట్టి, వారం రోజులు ఆయన ఎదురుపడితే తల దించుకుని వెళ్లాను. భోగికి అందులో తప్పేం కనపడలేదు, ఈకలు మూతికంటించుకుని వచ్చి నా కాళ్ల దగ్గర పడుకుంది. కోళ్లు, పిల్లులు, కుందేళ్లు దాని కంటికి ఆనే చోట ఉండకూడదు. శిక్షణతో పోయే గుణం కాదిది.

బీచ్‌కి తీసుకెళ్లాలని అందరికీ ఉంటుంది. చలికాలం తెల్లారుజామున వెళ్లండి, పట్టీ వదలకండి. జనవరి నుంచి మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెడతాయి. ఇసుక కనిపిస్తే తవ్వే కుక్కని అక్కడ విడిచిపెట్టారంటే అంతే సంగతులు. ఇంటికొచ్చాక ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడగాలి.

ఒంటరిగా పెట్టకండి, జోడీ వెతకండి. మొదటిసారి ఎదురెదురుగా నిలబెట్టవద్దు. ఇద్దరు మనుషులు, రెండు పట్టీలు, మధ్య పదడుగులు, ఒకే వైపుకి నడక, వారం రోజులు. భోగికి అలా కర్రి దొరికింది: మూడు కాళ్ల నల్ల ఊరకుక్క, లారీ కింద పడి బతికినది. ఇసుక గొయ్యిలో మంచి చోటు ఇప్పుడు కర్రిదే.

దానికో పని ఉండాలి

సైబీరియాలో చుక్చీ జనం ఈ కుక్కల్ని తేలిక బరువులు చాలా దూరం లాగడానికి పెంచారు. 1925లో అలాస్కాలో నోమ్ అనే ఊళ్లో డిఫ్తీరియా వస్తే మందు చేర్చింది మంచు మీద బండ్లు లాగే స్లెడ్జి కుక్కలే. 20 మంది మనుషులు, 150 దాకా కుక్కలు, ఒకరి నుంచి ఒకరు అందుకుంటూ 1,085 కిలోమీటర్లు, ఐదున్నర రోజుల్లో. స్కూలు పిల్లలొస్తే నేను ఈ కథ చెబుతాను, వాళ్లు వెంటనే భోగి నీలికన్నులోకి చూస్తారు.

అలాంటిదాన్ని పొద్దస్తమానం గదిలో పెడితే మనసు పాడవుతుంది. సైకిల్ చక్రాలు రెండు, కోణపు ఇనుప ముక్కలు కొన్ని పెట్టి ఒక చిన్న బండి అతికాను. డిసెంబర్, జనవరిలో మాత్రమే, తెల్లారకముందు, గిన్నెలు పెట్టుకుని బోన్ల వరస మొత్తం అదే లాగుతుంది. మెడకి బెల్టుతో కాదు, ఛాతీ మీదుగా వచ్చే హార్నెస్‌తో. గుండె, కీళ్లు బాగున్నాయని డాక్టర్ అన్నాకే మొదలుపెట్టాం. మిగతా పది నెలలు ముక్కుకి పని: చికెన్ ముక్కలు పాత ట్యూబుల్లో, కొబ్బరిచిప్పల కింద దాచి, రాత్రి ఎనిమిదింటికి వెతుక్కోమని వదిలేస్తాం. పెరుగు గడ్డకట్టించి పెట్టినా గంట గడుస్తుంది.

ఊళ వేస్తుంది. ఆపలేరు. కొత్తవలస వైపు గూడ్సు బండి కూత వినిపిస్తే చాలు, భోగి అందుకుంటుంది, దాని వెనక అరవై ఊరకుక్కలు. చుట్టుపక్కల వాళ్లకి ముందే చెప్పి ఉంచండి. మేం సంక్రాంతికి అరిసెలు పంపుతాం.

ఇంటికి ఇచ్చేటప్పుడు

నీలికళ్లు చూసి అడిగేవాళ్లకి కొదవ లేదు. ఇంట్లో ఏసీ ఉందా, ఇంటాయన ఒప్పుకున్నాడా, పగలు ఎవరుంటారు, పిల్లి ఉందా, బాల్కనీ ఎత్తెంత, ఇవన్నీ అడుగుతాం. వీటికి అందరూ సరైన జవాబులే చెబుతారు. అందుకని నేను ఒక పరీక్ష పెట్టాను: వరసగా ఐదు రోజులు తెల్లారుజామున నాలుగున్నరకి వచ్చి భోగిని నడిపించాలి. ఇప్పటికి పదకొండు మంది అడిగారు. ఎనిమిది మంది మొదటి రోజే రాలేదు. ఇద్దరు రెండు రోజులు వచ్చారు.

పదకొండోవాళ్లు మధురవాడ నుంచి ఒక జంట. ఆవిడకి రాత్రి షిఫ్టు ఉద్యోగం, పగలు తలుపులేసుకుని ఏసీలో నిద్రపోతుందట. వినగానే నాకు నవ్వొచ్చింది, భోగి టైం టేబులే. కానీ కర్రిని కూడా తీసుకోవాలని చెప్పాను. ఆలోచించుకుంటామన్నారు. నిన్న వానలో కూడా వచ్చారు, ఆయన మూడు కాళ్లదాన్ని ఎత్తుకుని, ఆవిడ భోగి పట్టీ నడుముకి చుట్టుకుని. ఇవాళ్టికి నాలుగు రోజులు. గేటు తాళం వాచ్‌మన్‌కి ఇచ్చి, రెండు పట్టీలూ మేకుకి తగిలించి వచ్చాను.